పాత బండి – కొత్త సోకులు

గూడూరు అనగానే చాలామందికి నెల్లూరు వైపున్న గూడూరు జంక్షను గుర్తొస్తుంది. మాది అది కాదండీ. మాది బందరు గూడూరు. బెజవాడ నుంచి బందరు వచ్చే రోడ్డు మీద, పామర్రు దాటాక తగిలే ఊరు. ఈ ఊరి గురించి గొప్పలు చెప్పడానికి కలం పట్టలేదు. మా వసారాలో ముప్పై ఏళ్ళకి పైగా నిలబడి ఉన్న ఒక మోటారు సైకిలు గురించి, దాని మూలంగా నాకు అబ్బిన కాస్త జ్ఞానం గురించి, ఆ జ్ఞానానికి మా ఇంట్లో మరొకరు చెల్లించిన మూల్యం గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రయత్నం.

ముందే మనవి చేసుకుంటున్నాను. నేను మెకానిక్కుని కాను. పేపర్లో బండి బొమ్మ పడితే కత్తిరించి నోటు పుస్తకంలో దాచుకునే బాపతు. మన కాలేజీ స్టాండులో అలాంటివాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారని నాకు తెలుసు. ఒకసారి సాయంత్రం పూట ఆ స్టాండు దగ్గర నిలబడి చూడండి. అద్దాలు లేని బండి ఒకటి, వెనక మడ్‌గార్డు కోసేసిన బండి ఒకటి, కడుపు కోసి పేగులు తీసేసినట్టు లోపలి గొట్టం లాగేసిన సైలెన్సరు ఒకటి. వాటిల్లో సగం మన నాన్నలవో తాతలవో. అందుకే ఈ వ్యాసం. నేను చెప్పదలచుకున్నది రెండే మాటలు. పాత బండిని ఇంట్లో మన చేత్తో మనమే బాగుచేసుకోవాలి, ఇది మొదటిది. బాగుచేయడం వేరు, మార్చడం వేరు, ఇది రెండోది.

మా తాతయ్య 1992లో యమహా ఆర్.ఎక్స్. 100 కొన్నాడు. ఈనాటి కుర్రకారుకి ఆ పేరు చెబితే చాలు, చేతులు జోడిస్తారు. అది ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి 1985లో మన దేశంలో మొదలుపెట్టిన బండి. 1996తో దాని తయారీ ఆగిపోయింది. అంతకు ముందు మన రోడ్ల మీద రాజ్‌దూత్, జావా, యెజ్డీ, బుల్లెట్ బళ్ళదే రాజ్యం. ఎనభైల్లో జపాను కంపెనీల పొత్తుతో ఇండ్ సుజుకీ, హీరో హోండా, కవాసాకీ బజాజ్ వరుసగా దిగాయి. ఆర్.ఎక్స్. 100 ఇంజను 98 సి.సి., శక్తి 11 హార్స్ పవరు. అంకెల్లో చూస్తే ఇదేం గొప్ప కాదు. కానీ బండి తేలిక, అందుకని అది పరిగెత్తడం కాదు, ఎగిరేది. మా తాతయ్యకి మాత్రం ఎగరడంతో పని లేదు. ఎరువు బస్తా, పాల క్యాను, ఒక్కోసారి మా నాయనమ్మ. ఇవే ఆ బండి మోసిన బరువులు.

పదిహేనేళ్ళు నిండాక బండికి రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలి, ఆ తర్వాత అయిదేళ్ళకోసారి. ఆ లెక్కన మా బండి 2007లో, 2012లో, 2017లో, 2022లో పరీక్షకి కూచుంది. నాలుగు సార్లూ పాసయింది. నా ఇంటరు ఫలితాలకన్నా దాని ఫలితాలే మెరుగు.

2022 వేసవిలో, ఇంటరు రాసి ఖాళీగా ఉన్న రోజుల్లో, తాతయ్య నన్ను పిలిచి, "ఏరా అబ్బాయ్, ఎండలో తిరిగే బదులు నీడన కూచుని ఇది విప్పు" అన్నాడు. అలా మొదలైంది నా చదువు.

పనిముట్లు ఏవో ఉండాలనుకుంటాం. నిజానికి కావలసినవి తక్కువే. పది, పన్నెండు, పద్నాలుగు నంబర్ల పానాలు, ప్లగ్గు పానా, రెండు స్క్రూ డ్రైవర్లు, ఒక ఫీలర్ గేజి, గిన్నెడు కిరసనాయిలు, పాత లుంగీ ముక్క, వీటన్నిటికన్నా ముఖ్యంగా విప్పిన బోల్టులు వరస తప్పకుండా పెట్టుకోవడానికి ఒక పాత పళ్ళెం. మొదటి రోజు నేను ఆ పళ్ళెం అక్కర్లేదనుకున్నాను. సాయంత్రం బిగించాక రెండు వాషర్లు మిగిలాయి. తాతయ్య ఏమీ అనకుండా మళ్ళీ మొత్తం విప్పించాడు.

మొదటి పాఠం ప్లగ్గు. డాక్టరు నాలిక చూసినట్టు మెకానిక్కు ప్లగ్గు చూస్తాడు. ప్లగ్గు మూతి ఇటికరాయి రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా, జిడ్డుగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ పోతోంది. తెల్లగా పాలిపోయి ఉంటే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై ఇంజను మాడుతోందన్నమాట. ఈ తెలుపు అన్నిటికన్నా ప్రమాదం. ఈ సంగతి తర్వాత నా నెత్తికే చుట్టుకుంది, చెబుతాను.

రెండో పాఠం కార్బొరేటరు. దాని జెట్టులోని రంధ్రం సూది బెజ్జం కన్నా సన్నం. అడ్డుపడితే గాలి ఊదాలి, పెట్రోలుతో కడగాలి గానీ తీగ పెట్టి పొడవకూడదు. పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఆ రోజు నుంచి బండి పెట్రోలు తాగదు, మింగుతుంది. మూడో పాఠం మసి. టూ స్ట్రోక్ బండి పెట్రోలుతో పాటు ఆయిలు కూడా కాలుస్తుంది కాబట్టి పిస్టను తల మీదా, హెడ్డులోనూ, సైలెన్సరు లోపలి గొట్టంలోనూ మసి గడ్డకడుతుంది. దాన్ని ఇనప పనిముట్టుతో గీకితే అల్యూమినియం గాట్లు పడుతుంది. గట్టి చెక్క ముక్కతో గీకాలి. ఇక బ్రేకు షూలు గరుకు కాగితంతో రుద్దడం, చైను మధ్యలో వేలితో నొక్కితే అంగుళం మేర ఆడేట్టు చూసుకోవడం, గేరు ఆయిలు మార్చడం, ఇవి వంట వచ్చినవాళ్ళకి పోపు లాంటివి.

ఇందులో మన డెల్టా ప్రాంతానికే ప్రత్యేకమైన తిప్పలు కొన్ని ఉన్నాయి. ఇక్కడి నల్లరేగడి వానకాలంలో మడ్‌గార్డు కింద మేకు కొట్టినట్టు అతుక్కుని, ఎండాకాలంలో సిమెంటవుతుంది. దాన్ని వదిలేస్తే లోపల నుంచి తుప్పు తినేస్తుంది. బందరు వైపు నుంచి వచ్చే ఉప్పు గాలి సంగతి సరేసరి. మరలకి గ్రీజు రాయకుండా బిగించిన బోల్టు మరుసటి ఏడాది విప్పబోతే తల ఊడి చేతికొస్తుంది. హైదరాబాదు వాడు రాసిన సర్వీసు పద్ధతి మంగినపూడి గాలికి సరిపోదు. ఎవరి బండిని వాళ్ళ ఊరి మట్టిని బట్టి, గాలిని బట్టి చూసుకోవాలి. ఆ తెలివి కంపెనీ పుస్తకంలో దొరకదు, వసారాలోనే దొరుకుతుంది.

ఆ వేసవి చివర బండి రెండో కిక్కుకే అందుకోవడం మొదలెట్టింది. నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. అక్కడితో ఆగితే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు.

బాగుచేయడం వచ్చింది గదా అని మార్చడం కూడా వచ్చేసిందనుకున్నాను. స్నేహితుల బళ్ళు చూశాను. ముందు సైలెన్సరు లోపలి గొట్టం తీసేశాను. తర్వాత ఎయిర్ ఫిల్టరు పీకేశాను. అద్దాలు విప్పాను. వెనక చక్రం పక్కనుండే చీరె గార్డు ముసలి బండి వేషంలా కనిపించి, దాన్నీ విప్పి పాత సామాన్ల గదిలో పడేశాను. తాతయ్య చూశాడు. "దాన్నెందుకు తీశావు?" అనడిగాడు. "ఇప్పుడెవరూ పెట్టుకోవడం లేదు తాతయ్యా" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఫలితం వినండి. చప్పుడు నాలుగింతలైంది. లాగడం తగ్గింది! ఇదేమిటని తల పట్టుకున్నాను. కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. టూ స్ట్రోక్ ఇంజనులో పొగ బయటికి పోవడానికి వాల్వు ఉండదు, సిలిండరు గోడకున్న కిటికీయే దారి. కాలిన పొగతో పాటు కాలని తాజా మిశ్రమం కూడా కొంత ఆ దారినే జారిపోబోతుంది. సైలెన్సరు లోపలి ఆకారానికి తగిలి వెనక్కి వచ్చే ఒత్తిడి కెరటం ఆ మిశ్రమాన్ని మళ్ళీ లోపలికి నెడుతుంది. ఆ కొలతలు ఇంజనీర్లు లెక్కకట్టి పెట్టినవి. నేను రంపంతో ఆ లెక్క చెరిపేశాను. ఎయిర్ ఫిల్టరు లేకపోయేసరికి గాలి ఎక్కువై ప్లగ్గు సున్నంలా తెల్లబడింది. ఓ మధ్యాహ్నం పామర్రు నుంచి వస్తుంటే పిస్టను వేడెక్కి సిలిండరుకి పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి నాలుగు గజాలు జారింది. వెనక లారీ లేదు కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనడం ఇదే. పైన పటారం, లోన లొటారం.

బందరు మెకానిక్కు ఒకాయన సిలిండరు బోరు కొట్టించి, కొత్త పిస్టనూ రింగులూ వేసి, "బాబూ, ఇంజను చెప్పేది వినాలి గానీ మనం దానికి అరవడం నేర్పకూడదు" అన్నాడు. ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు గొట్టం మళ్ళీ పెట్టించాను. చీరె గార్డు మాత్రం పెట్టలేదు. ఇంజనుకి సంబంధం లేనిదే కదా అనుకున్నాను.

2023 మాఘమాసంలో పెడనలో మా బంధువుల ఇంట పెళ్ళి. అమ్మని వెనక కూచోబెట్టుకుని బయల్దేరాను. పట్టుచీరె, పక్కకి తిరిగి కూచుంది. బండి వేగం ముప్పై కూడా లేదు. దారిలో గాలికి పైట చెంగు జారి చక్రంలోకి పోయింది. ఒక్క గుంజు. నేను బ్రేకు వేసేలోగానే అమ్మ వెనక్కి పడింది. కుడిచేతి మణికట్టు విరిగింది. తలకి తగల్లేదు. ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ ఆరు వారాలూ ఎవరడిగినా "నేనే సరిగ్గా కూచోలేదు" అని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. దెబ్బలాడితే ఎంత బాగుండేదో.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి చీరె గార్డు వసారాలో బండి పక్కన తుడిచి పెట్టి ఉంది. దాని మీద పన్నెండో నంబరు పానా. తాతయ్య పేపరు చదువుకుంటున్నాడు.

తర్వాత రూలు పుస్తకం తిరగేశాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది ఏం చెబుతుందంటే, మోటారు సైకిలుకి వెనక కూచునేవాళ్ళు పట్టుకోవడానికి పట్టు ఉండాలి, కాళ్ళు పెట్టుకునే చోటు ఉండాలి, వాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా మూసే రక్షణ ఉండాలి. అంటే నేను అందం కాదని పీకేసింది చట్టం కోరి పెట్టించిన వస్తువు. మార్పుల విషయంలో 1988 చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ మూల నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకీ అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. జరిమానా భయంతో మానమని నేను చెప్పడం లేదు. పోలీసు లేని రోడ్డు మీద కూడా అమ్మ ఉంటుంది గదా.

"అయితే మార్పే కూడదంటావా?" అని మిత్రులు అడుగుతారు. అననండి. గుజరాత్‌లో అమ్రేలి జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయ్ జగానీ 1994లో బుల్లెట్ బండి వెనక భాగం తీసి, రెండు చక్రాలు, నాగలి బిగించి పొలం దున్నే యంత్రం చేశాడు. కరువులో ఎద్దుల్ని పోషించలేక చేసిన పని అది. దానికి పేటెంటు కూడా వచ్చింది. అది అవసరం లోంచి పుట్టిన మార్పు. మన మార్పుల్లో చాలా భాగం ఎదురింటివాడు తిరిగి చూడాలన్న కోరికలోంచి పుడతాయి. మా వీధి చివరింట్లో పురుడు పోసుకున్న పిల్ల ఉన్న రోజుల్లో నేను ఆ చప్పుడుతో రోజూ రెండు పూటలా వెళ్ళాను. ఆ ఇంటివాళ్ళు తిరిగి చూశారు, నిజమే. ఎలా చూశారో ఇప్పుడు తెలుస్తోంది.

ఇంజను శక్తి పెంచాలని ఉబలాటపడే ఇంజనీరింగు మిత్రులకి ఒక చిన్న లెక్క. చలనశక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకి 60 కిలోమీటర్ల నుంచి 80కి వెళితే వేగం పెరిగింది మూడో వంతే, బ్రేకు మింగవలసిన శక్తి మాత్రం దాదాపు 78 శాతం పెరుగుతుంది. ఆపడానికి పట్టే దూరం కూడా అదే లెక్క. ఆర్.ఎక్స్. 100కి ముందూ వెనకా డ్రమ్ము బ్రేకులు. పోర్టింగు చేయించి ఇంజనుకి రెక్కలు కట్టినవాడు బ్రేకుకి ఏం కట్టాడు? అందుకే నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. పానా తియ్యబోయే ముందు, ఈ మార్పుతో బండి ఇంకా బాగా ఆగుతుందా, ఎదుటివాడికి ఇంకా బాగా కనిపిస్తుందా, వెనక కూచున్న మనిషికి ఇంకా భద్రంగా ఉంటుందా అని అడుగుతాను. మూడింటిలో ఒక్కదానికైనా అవునని, దేనికీ నష్టం లేదని తేలితే, చట్టం ఒప్పుకుంటే, చేస్తాను. మడ్‌గార్డుకి పొడుగాటి రబ్బరు ముక్క, వెనక రిఫ్లెక్టరు, మంచి టైర్లు, కొత్త సీటు స్పాంజి. ఇప్పటిదాకా ఆ పరీక్షలో నెగ్గినవి ఇవే.

ఇక లెక్చరర్ల వైపు నుంచి రాదగ్గ అభ్యంతరం. పాత బండి పొగ వదులుతుంది, దాన్ని పట్టుకు వేలాడటమెందుకని. కాదనను. టూ స్ట్రోక్ ఎంత ట్యూను చేసినా 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 బండి అంత శుభ్రంగా ఉండదు. అందుకే మా బండి రోజూ తిరగదు. కానీ సరైన ఆయిలు సరైన పాళ్ళలో పోసి, మసి తీసి నడిపే బండికీ, నిర్లక్ష్యంగా నడిపే బండికీ తేడా పొగలోనే కనిపిస్తుంది. పైగా కొత్త బళ్ళలో కార్బొరేటరు పోయి ఫ్యూయలు ఇంజెక్షను, కంప్యూటరు వచ్చాయి. అవి మంచివే. అయితే లోపల ఏముందో తెలియాలంటే కంపెనీ మిషను తగిలించాలి. ఇది మన ఒక్కరి గోల కాదు. మరమ్మతు హక్కు గురించి కేంద్ర ప్రభుత్వం 2022లో కమిటీ వేసింది, అందులో మోటారు వాహనాల రంగం కూడా ఉంది. రేపు ఆ కొత్త బండిని విప్పే హక్కు అడగాలన్నా, ముందు ఒక పాత బండిని విప్పిన చెయ్యి ఉండాలి గదా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు.

పెట్రోలు కూడా మారింది. 2025 నాటికి ఇరవై శాతం ఇథనాలు కలిపిన పెట్రోలే దేశమంతటా బంకుల్లో వచ్చేసింది. ఇథనాలు తేమని పీలుస్తుంది. పాత బండి రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికోసం చేసినవి కావు. నెలల తరబడి ట్యాంకులో పెట్రోలుంచి వదిలేస్తే లోపల తుప్పు, కార్బొరేటరులో జిగురు. కాబట్టి వాడకపోతే ట్యాంకూ కార్బొరేటరూ ఖాళీ చేయాలి, గొట్టాలు ఏటా చూసుకోవాలి.

ఈ విద్య అక్కరకొచ్చిన రోజు ఒకటి చెప్పి ముగిస్తాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉంది. వేల బళ్ళు మునిగాయి. నీళ్ళు తీశాక అందరూ చేసిన మొదటి పని కిక్కు కొట్టడం, సెల్ఫు నొక్కడం. అదే చేయకూడని పని. సిలిండరులో నీరుంటే అది నలగదు, కనెక్టింగు రాడ్డు వంగుతుంది. మెకానిక్కుల దగ్గర వారాల కొద్దీ వరసలు. మా పిన్ని వాళ్ళింటికి నేనూ ఇద్దరు మిత్రులూ పానాల సంచితో వెళ్ళాం. ప్లగ్గు విప్పి నీరు పోనిచ్చి, పెట్రోలు వంపేసి, కార్బొరేటరు కడిగి, పాలలా తెల్లబడ్డ ఇంజను ఆయిలు రెండు మూడు సార్లు మార్చి, ఎండబెట్టి, అప్పుడు స్టార్టు చేశాం. ఆ వీధిలో మేము చేసిన పాత బళ్ళు తొమ్మిదిలో ఏడు లేచాయి. ఒకటి కూరగాయలమ్ముకునే ఆయనది. ఆయన మర్నాటి నుంచి మళ్ళీ పనిలోకి వెళ్ళాడు. సైలెన్సరు కోసినప్పుడు నాకు రాని గొప్ప ఆ రోజు వచ్చింది.

కాబట్టి విద్యార్థి సంఘానికి నా విన్నపం. కాలేజీ స్టాండు వెనక ఖాళీ రేకుల షెడ్డు ఉంది. సంఘం నిధుల్లోంచి ఒక పానాల పెట్టె కొనండి. నెలకి రెండు శనివారాలు ఊళ్ళోని మెకానిక్కుని పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, చేతిలో పారితోషికం పెట్టి, మనకి నేర్పమనండి. స్కూటీల మీద వచ్చే మన అక్కచెల్లెళ్ళు కూడా రావాలి. ప్లగ్గు మార్చుకోవడానికి అన్నయ్య కోసం ఎదురు చూడనక్కర్లేదు. షెడ్డు గోడ మీద ఒకే ఒక రూలు రాయండి: ఇక్కడ బళ్ళు బాగుచేయబడును, కోయబడవు.

మా అమ్మ ఇప్పటికీ ఆ బండే ఎక్కుతుంది. ఎక్కే ముందు కొంగు నడుముకి దోపుకుని, వంగి చీరె గార్డు వైపు ఒకసారి చూస్తుంది. నేను ఆ బోల్టులు ముందు రోజే బిగించి ఉంటాను. అయినా చూడనిస్తాను. ఆవిడకి ఆ హక్కు ఉంది.